దేవరకద్రలో ఎయిర్‌పోర్టు కట్టినా విమానం నిలుస్తుందా? చిన్న ఎయిర్‌లైన్స్ లెక్క ఇదీ

ఆత్మకూర్ నుంచి విమానం ఎక్కాలంటే ఇప్పుడు రెండు దారులున్నాయి. కొత్తకోట దగ్గర 44వ నంబర్ జాతీయ రహదారి ఎక్కి శంషాబాద్ వెళ్లాలి. లేదంటే అదే రహదారిపై అటువైపు తిరిగి, కర్నూలు దాటి ఓర్వకల్లు చేరాలి. అందుకే మహబూబ్‌నగర్ జిల్లాలో విమానాశ్రయం అనే మాట వినిపించినప్పుడల్లా ఈ ప్రాంతంలో ఆశ మొదలవుతుంది. దాంతోపాటే ప్లాట్ల రేట్ల మీద చర్చ కూడా మొదలవుతుంది.

అయితే విమానాశ్రయం వేరు, విమాన సర్వీసు వేరు. రన్‌వే ప్రభుత్వం వేయగలదు. దాని మీద రోజూ విమానం దిగాలంటే మాత్రం ఏదో ఒక కంపెనీకి లెక్క కుదరాలి. తెలుగు నేల మీద పుట్టిన చిన్న ఎయిర్‌లైన్స్ ఆ లెక్క దగ్గరే దెబ్బతిన్నాయి. అసలు తక్కువ ధరకు తక్కువ దూరం నడిపే విమానం ఎలా బతుకుతుంది? ఎందుకు ఆగిపోతుంది? మన ప్రాంతానికి ఎయిర్‌పోర్టు వస్తుందన్నప్పుడు మీరు ఏం చూడాలి? వివరంగా చూద్దాం.

మన దగ్గర ప్రతిపాదన ఏంటి?

తెలంగాణ ప్రభుత్వం రాష్ట్రంలో మరో 6 చోట్ల విమానాశ్రయాలు కావాలని ప్రతిపాదించింది. వాటిలో పాత ఎయిర్‌స్ట్రిప్‌లు ఉన్నవి మూడు. వరంగల్ మామునూరు, పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్, ఆదిలాబాద్. పూర్తిగా కొత్తగా కట్టాల్సినవి మూడు. నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పాల్వంచ, మహబూబ్‌నగర్ జిల్లా. మన జిల్లాకు సంబంధించి దేవరకద్ర ప్రాంతంలోని గుడిబండ పేరు వినిపించింది. సాధ్యాసాధ్యాల అధ్యయనాన్ని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాకు అప్పగించారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. శంషాబాద్ విమానాశ్రయం కోసం జీఎంఆర్ సంస్థతో చేసుకున్న ఒప్పందంలో ఒక షరతు పెట్టారు. ఆ విమానాశ్రయం ప్రారంభమైనప్పటి నుంచి 25 ఏళ్ల పాటు, గగనతలంలో 150 కిలోమీటర్ల పరిధిలో మరో విమానాశ్రయానికి అనుమతి ఇవ్వకూడదు. శంషాబాద్ 2008 మార్చిలో మొదలైంది. అంటే 2033 వరకు ఈ షరతు ఉంటుంది. దేవరకద్ర ఆ పరిధిలోపలే ఉంది. అలాగని దారి మూసుకుపోయినట్టు కాదు. మామునూరు విషయంలో జీఎంఆర్ నుంచి నిరభ్యంతరం తీసుకున్నాక, 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదం తెలిపింది. మన దగ్గర కూడా ఆ మెట్టు ఎక్కాల్సిందే.

చౌక విమానం ఎలా నడుస్తుంది?

చౌక ఎయిర్‌లైన్ అంటే తక్కువ సౌకర్యాలు ఇచ్చే కంపెనీ అని చాలామంది అనుకుంటారు. అసలు విషయం సౌకర్యాల్లో లేదు, విమానం నేల మీద ఎంతసేపు నిలబడుతుందన్న దాంట్లో ఉంది. విమానం ఎగిరితేనే సంపాదన. నిలబడినా అద్దె, జీతాలు, బీమా మాత్రం ఆగవు. కాబట్టి దిగిన అరగంటలో మళ్లీ ఎగరాలి. రోజుకు ఎక్కువ గంటలు గాలిలో ఉండాలి. ఒకే రకం విమానాలు ఉంటే పైలట్ల శిక్షణ, స్పేర్ పార్టులు, మెకానిక్‌ల ఖర్చు తగ్గుతుంది. భోజనం, ఇష్టమైన సీటు, అదనపు బ్యాగేజీ వేటికవే అమ్ముకుంటారు.

ఈ పద్ధతిని మన దేశానికి తెచ్చింది కెప్టెన్ గోపీనాథ్ స్థాపించిన ఎయిర్ డెక్కన్. 2003లో చిన్న ఏటీఆర్ విమానాలతో మొదలై, అప్పటిదాకా విమానం ముఖం చూడని పట్టణాలకు సర్వీసులు నడిపింది. ప్రయాణికులు ఎగబడ్డారు కానీ నష్టాలు ఆగలేదు. 2007లో కింగ్‌ఫిషర్ చేతికి వెళ్లింది. ఆ కింగ్‌ఫిషర్ కూడా 2012లో మూతపడింది.

దగ్గరి ప్రయాణానికే ఖర్చు ఎందుకు ఎక్కువ?

ఆర్టీసీ ఉదాహరణతో చూస్తే సులువుగా అర్థమవుతుంది. ఎక్స్‌ప్రెస్ బస్సు ఒకసారి స్పీడ్ అందుకుంటే హైదరాబాద్ దాకా సాఫీగా వెళ్తుంది. పల్లెవెలుగు ప్రతి స్టేజీలో ఆగి, మళ్లీ కదులుతుంది. డీజిల్ ఎక్కువ తాగుతుంది, బ్రేకులు, క్లచ్ తొందరగా అరుగుతాయి. తక్కువ దూరం తిరిగే విమానం పరిస్థితి ఇదే.

నేల నుంచి పైకి లేచేటప్పుడే ఇంధనం ఎక్కువ కాలుతుంది. చక్రాలు, బ్రేకులు, ఇంజిన్ల మరమ్మతుల్లో చాలావరకు ఎన్నిసార్లు ఎగిరి దిగిందనే లెక్కన జరుగుతాయి. మూడు గంటల ప్రయాణానికి ఒకసారి దిగితే, గంట ప్రయాణాలు మూడు చేస్తే మూడుసార్లు దిగాలి. దిగిన ప్రతిసారీ అరగంట నేల మీదే పోతుంది.

అందుకే ఈ రూట్లలో పెద్ద జెట్ కాకుండా ఏటీఆర్-72 లాంటి పంఖాల విమానం వాడతారు. దాంట్లో 70 నుంచి 78 సీట్లు ఉంటాయి. గంటకు కాల్చే ఇంధనం 180 సీట్ల ఎయిర్‌బస్ ఏ320తో పోలిస్తే సుమారు మూడో వంతే. ప్రభుత్వ నిబంధనలు కూడా చిన్న విమానాలకు అనుకూలంగా ఉన్నాయి. 80 సీట్ల లోపు దేశీయ విమానాలకు ల్యాండింగ్ ఛార్జీ మినహాయింపు ఉంది. 40 టన్నుల లోపు బరువున్న విమానాల ఇంధనంపై అమ్మకపు పన్ను 4 శాతానికి పరిమితం. మామూలుగా విమాన ఇంధనం జీఎస్టీ కిందికి రాదు, ఏ రాష్ట్రం వ్యాట్ ఆ రాష్ట్రానిది. కాబట్టి ఈ 4 శాతం చిన్న ఎయిర్‌లైన్‌కు పెద్ద ఊరటే.

ఒక ట్రిప్పు లెక్క వేద్దాం

కింద ఉన్నవి అర్థం కావడానికి వేసుకున్న ఉజ్జాయింపు అంకెలు మాత్రమే. ఏ కంపెనీ లెక్కలూ కావు.

70 సీట్ల విమానం గంట ప్రయాణానికి ఇంధనం, అద్దె, జీతాలు, మరమ్మతులు అన్నీ కలిపి రూ.2,50,000 ఖర్చవుతుందనుకుందాం. విమానం నిండితే సీటుకు రూ.3,571 పడుతుంది. 42 మందే ఎక్కితే ఒక్కొక్కరి మీద రూ.5,952 పడుతుంది. ఖర్చు మారలేదు, పంచుకునే తలలు తగ్గాయి. అంతే తేడా.

ఇప్పుడు సగం సీట్లు, అంటే 35, ఒక్కోటి రూ.2,500కే అమ్మాలని ప్రభుత్వం షరతు పెట్టిందనుకోండి. వాటిపై వచ్చేది రూ.87,500. మిగతా 35 సీట్లలో 15 మాత్రమే రూ.4,000 చొప్పున అమ్ముడుపోతే రూ.60,000. మొత్తం ఆదాయం రూ.1,47,500. లోటు రూ.1,02,500.

రోజూ ఒకసారి వెళ్లి రావడం అంటే నెలకు 60 ట్రిప్పులు. నెల లోటు రూ.61.5 లక్షలు, ఏడాదికి సుమారు రూ.7.4 కోట్లు. ఇది ఒక్క రూటుకే. ఈ లోటు ఎవరు పూడ్చాలన్నదే అసలు ప్రశ్న.

ఉడాన్ ఏం చేస్తుంది?

ఆ ప్రశ్నకు కేంద్రం ఇచ్చిన జవాబు ఉడాన్ పథకం. 2016 అక్టోబర్‌లో ప్రకటించారు. సుమారు గంట ప్రయాణానికి మొదట్లో రూ.2,500 గరిష్ఠ ధరగా పెట్టారు. విమానంలో దాదాపు సగం సీట్లు ఈ పరిమిత ధరకు అమ్మాలి. తగ్గిన ఆదాయానికి బదులు ప్రభుత్వం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ ఇస్తుంది. అంటే లోటు భర్తీ సొమ్ము. ఇందులో చాలా రాష్ట్రాలు 20 శాతం భరించాలి. మిగతాది ప్రధాన రూట్లలో తిరిగే విమానాల మీద వేసిన లెవీ నుంచి వస్తుంది. అంటే హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్లే ప్రయాణికుడి టికెట్‌లోంచి కొంత ఈ చిన్న రూటుకు చేరుతోందన్నమాట.

మహాలక్ష్మి పథకంలో మహిళలకు ఇచ్చే జీరో టికెట్ల డబ్బు ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లించాల్సి ఉంటుంది కదా, ఆలోచన అలాంటిదే. కానీ ఒక పెద్ద తేడా ఉంది. ఉడాన్ సాయం మూడేళ్లే. ఆ మూడేళ్లు ఆ రూటులో సాధారణంగా ఆ కంపెనీకే హక్కు ఉంటుంది. తర్వాత సాయమూ ఉండదు, రక్షణా ఉండదు. మిగతా సీట్లు నిండకపోతే ఆ నష్టం మొదటి రోజు నుంచీ కంపెనీదే.

మన తెలుగు ఎయిర్‌లైన్స్‌కు ఏమైంది?

మొదట విజయవాడకు చెందిన ఎయిర్ కోస్టా. ఎల్ఈపీఎల్ గ్రూప్ 2013 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. చిన్న నగరాలను కలపాలని బ్రెజిల్ కంపెనీ ఎంబ్రాయర్ జెట్‌లను ఎంచుకుంది. 2014లో సింగపూర్ ఎయిర్‌షోలో 50 కొత్త విమానాలకు ఆర్డర్ ప్రకటించి అందరినీ ఆశ్చర్యపరిచింది. కానీ చేతిలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఇంత చిన్న సంఖ్యతో నడిపేటప్పుడు ఒక్క విమానం మరమ్మతుకు వెళ్లినా సర్వీసుల్లో పెద్ద భాగం ఆగిపోతుంది. అద్దె డాలర్లలో కట్టాలి, టికెట్ మాత్రం రూపాయల్లో అమ్మాలి. 2017 ఫిబ్రవరి 28తో ఎయిర్ కోస్టా ఎగరడం ఆగిపోయింది.

రెండోది హైదరాబాద్ కంపెనీ ట్రూజెట్. టర్బో మేఘా ఎయిర్‌వేస్ పేరుతో 2015 జులైలో ఏటీఆర్-72లతో మొదలైంది. నటుడు రామ్‌చరణ్ ప్రచారకర్తగా ఉండటంతో జనానికి పేరు తొందరగానే తెలిసింది. తిరుపతి, రాజమండ్రి లాంటి రూట్లతో మొదలుపెట్టి, ఉడాన్‌లో రూట్లు గెలుచుకుంది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని మోదీ సిమ్లా నుంచి ఉడాన్ సర్వీసులను ప్రారంభించినప్పుడు సిమ్లా-ఢిల్లీతో పాటు జెండా ఊపిన మరో రెండు రూట్లు కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్. ఆ రెండూ ట్రూజెట్‌వే.

విమానం ఎంపిక సరైనదే. రూట్లూ సరైనవే. మరి ఎందుకు నిలవలేదు? ఒక కారణం పోటీ. 2017 డిసెంబర్‌లో ఇండిగో కూడా ఏటీఆర్‌లు తెచ్చింది. వాటి మొదటి సర్వీసు హైదరాబాద్ నుంచే మొదలైంది. తిరుపతి, రాజమండ్రి లాంటి చోట్లకు అదే రకం విమానంతో, వందల విమానాల బలం ఉన్న కంపెనీ వచ్చింది. ఒక రూటులో నష్టం వస్తే ఇండిగో వేరే రూటు లాభంతో పూడ్చుకుంటుంది. చిన్న కంపెనీకి ఆ వెసులుబాటు లేదు. రెండో కారణం కోవిడ్. 2020 మార్చి 25 నుంచి మే 25 దాకా దేశంలో ప్రయాణికుల విమానాలు పూర్తిగా ఆగిపోయాయి. ఆదాయం సున్నా, అద్దెలు మాత్రం ఆగవు. కొత్త పెట్టుబడి కోసం ప్రయత్నాలు జరిగినా, 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ సర్వీసులు ఆగిపోయాయి.

తర్వాత కడపలో ఏం జరిగిందో గమనించండి. విమానాశ్రయం అక్కడే ఉంది, విమానం లేదు. 2022 మార్చి చివర్లో ఇండిగో వచ్చాకే సర్వీసులు మళ్లీ మొదలయ్యాయి. అందుకు రాష్ట్ర ప్రభుత్వం ఆర్థిక సాయం ఇవ్వాల్సి వచ్చింది. బీదర్‌ది కూడా ఇదే కథ. 2020 ఫిబ్రవరిలో ట్రూజెట్ బెంగళూరు సర్వీసుతో బీదర్ విమానాశ్రయం తెరుచుకుంది. ఆ కంపెనీ ఆగిపోయాక, 2022లో స్టార్ ఎయిర్ వచ్చేదాకా అక్కడి ప్రయాణికులు ఎదురుచూడాల్సి వచ్చింది. బీదర్ కూడా మనలాగే హైదరాబాద్‌కు మూడు గంటల దూరంలో ఉన్న ఊరే.

కాగ్ ఏం తేల్చింది?

ఇది ఒక్క ట్రూజెట్ కథే అనుకోవద్దు. 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక ప్రకారం ఉడాన్ మొదటి మూడు విడతల్లో 774 రూట్లు కేటాయించారు. వాటిలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసినవి 112. సాయం ఆగిన తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 మాత్రమే. అంటే కేటాయించిన ప్రతి వంద రూట్లలో ఏడు.

దీన్ని బట్టి ఉడాన్ వృథా అనలేం. ఆ మూడేళ్లలో లక్షల మంది తొలిసారి విమానం ఎక్కారు. 2025 కేంద్ర బడ్జెట్‌లో పథకాన్ని మార్చి, వచ్చే పదేళ్లలో మరో 120 ప్రాంతాలను కలుపుతామని కూడా ప్రకటించారు. అయితే రూటు ప్రకటించడానికీ, రూటు నిలవడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఈ అంకెలు చెబుతున్నాయి.

దేవరకద్రకు ఈ లెక్క వేస్తే?

ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు ఎవరూ విమానంలో వెళ్లరు. రోడ్డు ఉంది, రైలు ఉంది. కాబట్టి సర్వీసు నడపాలంటే బెంగళూరు, ముంబై, చెన్నై లాంటి చోట్లకే నడపాలి. పాలమూరు నుంచి ముంబై, పుణెలకు పనికి వెళ్లేవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ ప్రయాణికుల సంఖ్య ఒక్కటే చాలదు. కుటుంబమంతా కలిసి బస్సులో వెళ్లే కూలీకి రూ.2,500 టికెట్ కూడా భారమే.

టికెట్ కొనగలిగినవాళ్ల విషయంలో వేరే సమస్య ఉంది. శంషాబాద్ నుంచి ముంబైకి రోజుకు ఎన్నో విమానాలు. పోటీ వల్ల ధర తక్కువ, ఏ వేళకైనా దొరుకుతుంది. మన దగ్గర రోజుకు ఒకటే ఉంటే, ఆ వేళ కుదరనివాళ్లు మూడు గంటలు కారులో వెళ్లి శంషాబాద్‌లోనే ఎక్కుతారు. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఎలాగూ శంషాబాదే దిక్కు. పెద్ద విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న చిన్న విమానాశ్రయాలన్నిటికీ ఈ బెడద ఉంటుంది. ఇంకోవైపు ఓర్వకల్లు ఉండనే ఉంది. 2021 మార్చి 28న అక్కడి నుంచి బెంగళూరు, విశాఖ, చెన్నైలకు ఇండిగో సర్వీసులు మొదలయ్యాయి. దేవరకద్రకు దక్షిణాన ఉన్న ప్రయాణికుల్లో కొంతమంది అటు వెళ్తారు.

అలాగని ఎయిర్‌పోర్టు వద్దని కాదు. పైలట్ శిక్షణ, సరుకు రవాణా, అత్యవసర వైద్య సేవల లాంటి ఉపయోగాలు కూడా ఉంటాయి. కాకపోతే రోజువారీ ప్రయాణికుల సర్వీసు మీదే ఆశలన్నీ పెట్టుకుంటే ఈ లెక్క ముందే తెలిసి ఉండాలి.

ప్రకటన వచ్చినప్పుడు ఈ ఐదు అడగండి

1. ఏ మెట్టు దాకా వచ్చింది? అధ్యయనం, స్థల అనుమతి, సూత్రప్రాయ ఆమోదం, భూసేకరణ నోటిఫికేషన్, లైసెన్స్, ఇవన్నీ వేర్వేరు. అధ్యయనం మొదలైందంటే ఎయిర్‌పోర్టు వచ్చినట్టు కాదు.

2. 150 కిలోమీటర్ల షరతు నుంచి మినహాయింపు దొరికిందా?

3. ఏ కంపెనీ నడుపుతుంది? దాని చేతిలో విమానాలెన్ని? ఒకటి మరమ్మతుకు వెళ్తే బదులు ఉందా?

4. వారానికి ఎన్ని రోజులు, ఏ వేళకు? వారానికి మూడు రోజుల సర్వీసును వ్యాపారులు, ఉద్యోగులు నమ్ముకోలేరు.

5. నాలుగో ఏడాది సంగతేంటి? మూడేళ్ల సాయం అయ్యాక రాష్ట్రం ఏమైనా ఇస్తుందా?

వీటికి జవాబు రాకముందే ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఎవరైనా ప్లాటు అమ్మజూపితే తొందరపడవద్దు. వెంచర్‌కు డీటీసీపీ అనుమతి, రెరా రిజిస్ట్రేషన్ ఉన్నాయో లేదో చూసుకోండి. భూమి ఇవ్వాల్సిన రైతులైతే నోటిఫికేషన్ వచ్చేదాకా మాటల మీద సంతకాలు చేయకండి.

టికెట్ కొన్నాక సర్వీసు రద్దయితే?

చిన్న రూట్లలో రద్దులు మామూలే. డీజీసీఏ నిబంధనల ప్రకారం కంపెనీ సర్వీసు రద్దు చేస్తే మరో విమానంలో పంపాలి, లేదా పూర్తి డబ్బు తిరిగివ్వాలి. 24 గంటల ముందు కూడా చెప్పకుండా రద్దు చేస్తే పరిహారం కూడా ఉంటుంది. గంట లోపు ప్రయాణానికి రూ.5,000 లేదా ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది ఇస్తారు. వాతావరణం లాంటి కంపెనీ చేతిలో లేని కారణాలకు పరిహారం వర్తించదు.

ఒక జాగ్రత్త. నెట్ సెంటర్‌లోనో, ఏజెంట్ దగ్గరో బుక్ చేయిస్తే టికెట్‌లో మీ సొంత ఫోన్ నంబరే ఉండేలా చూసుకోండి. మిమ్మల్ని సంప్రదించే వివరాలు లేకపోతే పరిహారం అడిగే హక్కు పోతుంది. కంపెనీ స్పందించకపోతే కేంద్ర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

కంపెనీయే మూతపడితే కథ వేరు. 2023 మేలో గో ఫస్ట్ దివాలా పిటిషన్ వేసినప్పుడు, ముందే టికెట్లు కొన్నవాళ్లు డబ్బు కోసం అప్పులవాళ్లతో పాటు వరుసలో నిలబడాల్సి వచ్చింది. అందుకే చిన్న ఎయిర్‌లైన్‌లో నెలల ముందు బుక్ చేయకపోవడమే మంచిది. కార్డుతో కడితే, సేవ అందనప్పుడు బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్ అడిగే వీలుంటుంది. నగదు కడితే ఆ వీలు ఉండదు.

రిబ్బన్ కటింగ్ రోజున విమానం ఎలాగూ దిగుతుంది. నాలుగో ఏడాది మామూలు మంగళవారం నాడు కూడా అదే విమానం, అదే వేళకు, సగానికి మించి నిండి దిగితేనే మన ప్రాంతానికి విమాన సర్వీసు వచ్చినట్టు. ప్రజాప్రతినిధులను అడగాల్సింది ఆ మంగళవారం గురించే.